సభకు రాని ప్రతిపక్షానికి తిరువూరు ఓటరు లేఖ

శాసనసభ గడప తొక్కని ప్రతిపక్షానికి,



ఈ లేఖ ఏదో ఒక పార్టీకి రాయడం లేదు. సభను బహిష్కరించడమనే మీ అలవాటుకు రాస్తున్నాను. 2017 నుంచి మన రాష్ట్రంలో రెండు పెద్ద పార్టీలూ వంతులవారీగా దాన్ని పట్టుకున్నాయి. ఇవాళ అది వైఎస్సార్ కాంగ్రెస్ చేతిలో ఉంది కాబట్టి ఎక్కువ మాటలు వాళ్లకే తగులుతాయి. నిన్న తెలుగుదేశం నాయకుడి చేతిలో ఉంది. తగలాల్సిన మాటలు ఆయనకూ తగులుతాయి.

నేను ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ఓటర్ని. మాది తెలంగాణ సరిహద్దు. మామిడి, పత్తి, మిరప, నీళ్లొస్తే వరి, ఇవీ మా పంటలు. సాగర్ ఎడమ కాలువ మూడో జోన్‌లో చివరి వాళ్లం. రాష్ట్రం విడిపోయాక ఆ నీళ్లు నల్గొండ, ఖమ్మం దాటుకుని, ఇంకో రాష్ట్రం అవసరాలు తీరాక మా వైపు రావాలి. గోదావరి నీళ్లు ఎత్తి మా మెట్టకు తెస్తామన్న చింతలపూడి ఎత్తిపోతల పథకం 2008లో మొదలైంది. ముఖ్యమంత్రులు మారారు, అంచనాలు పెరిగాయి, పథకం పూర్తి కాలేదు. ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బుతో మనుషులు మంచాన పడుతున్నారు. మంచినీళ్ల కోసం వాళ్లు మొక్కని నాయకుడు లేడు. కట్టలేరు పొంగితే వినగడప దగ్గర రాకపోకలు ఆగిపోతాయి. ఇవన్నీ బడ్జెట్‌లో ఒక పద్దుగా మారితే తప్ప తీరని కష్టాలు. ఆ పద్దు మీద మాట్లాడే చోటు శాసనసభ ఒక్కటే. మీరు వదిలేసి వచ్చింది ఆ చోటునే.

మా సొంత అనుభవం చెప్తాను. 2014లో తిరువూరు వైఎస్సార్ కాంగ్రెస్‌ను గెలిపించింది. రాష్ట్రంలో తెలుగుదేశం ప్రభుత్వం వచ్చింది. మా ఎమ్మెల్యే ప్రతిపక్షంలో కూర్చున్నారు. 2017 నవంబరులో ఫిరాయింపుదారుల మీద చర్య తీసుకునేదాకా సభకు రామని మీ పార్టీ ప్రకటించింది. కారణం చిన్నది కాదు. మీ గుర్తు మీద గెలిచిన 23 మందిని అధికార పక్షం తనలో కలుపుకుంది, వాళ్లలో నలుగురిని మంత్రుల్ని చేసింది. ప్రజల తీర్పును అంత బాహాటంగా తిరగరాయడం నేను చూసిన పెద్ద తప్పుల్లో ఒకటి. కానీ ఆ తప్పుకు శిక్ష ఎవరికి పడింది? తిరువూరు ఓటరు ఏ పార్టీ ఫిరాయించలేదు. మా ఎమ్మెల్యే కూడా ఫిరాయించలేదు. అయినా 2019 ఎన్నికల దాకా సభలో మా సీటు ఖాళీగానే ఉంది. 2018 బడ్జెట్ మీద చర్చ జరిగినప్పుడు తిరువూరు తరఫున ఒక్క మాట కూడా రికార్డులోకి ఎక్కలేదు. మీ నాయకుడి పాదయాత్రలో మా కష్టాలు విన్నామని మీరు చెప్పొచ్చు. విన్న కష్టాన్ని సభలో వినిపించడానికే కదా మేం ఓటేసింది!

తర్వాత వంతు మారింది. 2021 నవంబరు 19న తెలుగుదేశం నాయకుడు చంద్రబాబు నాయుడు గారు, తన ఇంటి ఆడవాళ్లను సభలో కించపరిచారన్న బాధతో, మళ్లీ ముఖ్యమంత్రిగానే ఇక్కడికి వస్తానని చెప్పి వెళ్లిపోయారు. ఆ రోజు సభలో వినబడిన మాటలు ఏ ఇంట్లోనూ సహించేవి కావు. 2024 జూన్‌లో అన్నట్టే ముఖ్యమంత్రిగా తిరిగొచ్చారు. ఆయన అభిమానులకు అది పంతం నెగ్గిన ఘట్టం. నాకు మాత్రం మధ్యలో పోయిన రెండున్నరేళ్లు కనిపిస్తాయి. ల్యాండ్ టైట్లింగ్ చట్టం ఆ కాలంలోనే సభ దాటి 2023లో అమల్లోకి వచ్చింది. హద్దు రాయి నుంచి వారసుల తగాదా దాకా భూమి ఉన్న ప్రతి ఇంటినీ కదిపే చట్టమది. దాన్ని సెక్షన్ల వారీగా విప్పి, ఇక్కడ రైతుకు మేలు, ఇక్కడ ముప్పు అని చెప్పాల్సిన ప్రతిపక్ష నాయకుడు సభలో లేరు. 2024 ఎన్నికల్లో ఆ చర్చంతా ప్రచార రథాల మైకుల్లో జరిగింది. భయమెంతో నిజమెంతో విడదీసే వీలు లేకుండా మా ఊళ్లలో జనం ఓట్లేశారు. ప్రభుత్వం మారింది, వెంటనే చట్టం రద్దయింది. ఆ చట్టంలో పనికొచ్చేది ఏమైనా ఉందా అన్నది ఇప్పటికీ నాకు ఎవరూ చెప్పలేదు.

భూమి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. మా తిరువూరు నుంచి గెలిచిన కోనేరు రంగారావు గారి అధ్యక్షతన 2004లో వేసిన భూమి కమిటీ 104 సిఫార్సులు చేసింది. పేదల భూముల మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ ఆ నివేదికనే తీసి చూస్తారు. శాసనసభకు వెళ్లిన మనిషి ఎంత పని చేయొచ్చో ఈ ఊరికి తెలుసు. అందుకే మీ గైర్హాజరీ మాకు ఇంత బాధ కలిగిస్తోంది.

ఇక ఇప్పటి సంగతి. 2024లో 175 స్థానాల్లో తెలుగుదేశం నాయకత్వంలోని కూటమికి 164 వచ్చాయి, మీకు 11. ఓట్లు మాత్రం దాదాపు 39 శాతం. పదో వంతు సీట్లు లేవు కాబట్టి ప్రతిపక్ష హోదా లేదన్నారు. హోదా లేకపోతే మాట్లాడే సమయం దొరకదని మీరు స్పీకర్‌కు లేఖ రాశారు, హైకోర్టుకు వెళ్లారు. మీ వాదనలో న్యాయం ఉంది. 2015లో ఢిల్లీ శాసనసభలో 70కి మూడే గెలిచిన బీజేపీకి ప్రతిపక్ష నాయకుడి హోదా ఇచ్చారు. ఇక్కడ కూటమి కూడా ఇవ్వొచ్చు. ప్రజాపద్దుల కమిటీ అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి వదిలే సంప్రదాయాన్ని 2024 నవంబరులో పక్కనపెట్టి జనసేన ఎమ్మెల్యేకు కట్టబెట్టడం కూటమి చేసిన ఇంకో తప్పు. ప్రభుత్వ ఖర్చును తనిఖీ చేసే కమిటీకి ప్రభుత్వ పక్షమే పెద్దయితే ఆ తనిఖీని నేనెలా నమ్మాలి?

అయితే హోదాయే అసలు అడ్డంకి అన్న మాట నేను నమ్మను. 2014లో లోక్‌సభలో 44 సీట్లొచ్చిన కాంగ్రెస్‌కు హోదా దక్కలేదు. మల్లికార్జున ఖర్గే ఐదేళ్లూ పార్టీ నాయకుడిగానే కూర్చుని మాట్లాడారు. మా ఊరి సరిహద్దు అవతల చూడండి. తెలంగాణలో కేసీఆర్ గారికి 2023 డిసెంబరు నుంచి ప్రతిపక్ష నాయకుడి హోదా ఉంది. ఆయన సభకు వచ్చిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హోదా లేనివాళ్లు వచ్చారు, ఉన్నాయన రాలేదు. కాబట్టి కారణం వేరే ఉంది.

అది నాకు 2025 ఫిబ్రవరిలో అర్థమైంది. ఆ నెల 19న మీ నాయకుడు జగన్‌మోహన్‌రెడ్డి గారు గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లి ధర పడిపోయిన రైతుల్ని పలకరించారు. అది చేయాల్సిన పనే. ఆ రోజుల్లోనే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్య పథకం ప్రకటించింది. ఐదు రోజులకే, 24న బడ్జెట్ సమావేశాలు మొదలయ్యాయి. గవర్నర్ ప్రసంగం సాగుతుండగానే నినాదాలు చేసి మీరంతా బయటికి వచ్చేశారు. 28న 3.22 లక్షల కోట్ల బడ్జెట్ పెట్టారు, దానితోపాటు 48 వేల కోట్ల పైచిలుకు వ్యవసాయ బడ్జెట్. అందులో ధరల స్థిరీకరణ నిధికి ఇచ్చింది 300 కోట్లు.

రాష్ట్రంలోని అన్ని పంటలకూ, ఏడాది మొత్తానికి 300 కోట్లు. ఆ ఏడాది ఏం జరిగిందో రైతులెవరూ మర్చిపోరు. మిర్చి అయింది, పొగాకు వచ్చింది. పొగాకు అయింది, చిత్తూరు వైపు తోతాపురి మామిడి వచ్చింది. అక్కడ కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని తేల్చేసరికి కాయలు రోడ్డు మీద పోశారు. ఆ తర్వాత కర్నూలు ఉల్లి. మా బంగినపల్లికి ఆ నాలుగు రూపాయలు కూడా లేవు. నున్న మార్కెట్టుకు తోలుకెళ్లి, కమీషను, తరుగు పోను చేతికొచ్చింది తీసుకుని వచ్చేయడమే. నల్ల తామర పురుగుకు కొట్టిన మందుల అప్పు అక్కడే మిగిలిపోతుంది. 300 కోట్లు ఇన్ని పంటల్లో ఏ మూలకు సరిపోతాయని ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ గారిని, వ్యవసాయ మంత్రి అచ్చెన్నాయుడు గారిని నిలబెట్టి అడగాల్సింది మీరు. బడ్జెట్ పద్దుల మీద చర్చ జరిగే రోజులు ఏడాదికి కొన్నే ఉంటాయి. ఆ రోజుల్లో మీరు లేరు.

ఎందుకు లేరు? 2019 ఎన్నికల ముందు 3,000 కోట్లతో ధరల స్థిరీకరణ నిధి పెడతామన్నది మీరే. సభలో లేచి 300 ఏమిటని మీరు అడిగితే, మీ 3,000 సంగతేమిటని అవతలివాళ్లు అడుగుతారు. ఏ పంటకు, ఏ జిల్లాలో, ఎంత ఖర్చయింది అని అడుగుతారు. మీ దగ్గర జవాబు ఉండొచ్చు. వేల కోట్లు పెట్టి పంట కొన్నామని బయట చెప్తూనే ఉన్నారు. ఉంటే ఆ లెక్క సభలో పెట్టండి. రెండు ప్రభుత్వాల లెక్కలూ ఒకే రికార్డులో పక్కపక్కన నిలబడితే రైతే చదువుకుని తీర్పు చెప్తాడు. మిర్చి యార్డులో ఎదురు ప్రశ్న ఉండదు. సభలో ఉంటుంది. మీరు బయటే ఉండిపోవడానికి అసలు కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

కరెంటు బిల్లు విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనబడింది. 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లో ఇంధన సర్దుబాటు పేరుతో అదనపు వడ్డింపు మొదలైంది. రెండు విడతల్లో కలిపి 15 వేల కోట్ల పైచిలుకు. మీరు డిసెంబరు 27న రాష్ట్రమంతా నిరసన చేశారు. ఆ సర్దుబాటు ఏ ఏళ్లకు సంబంధించినది? 2022-23, 2023-24. అప్పుడు ప్రభుత్వం మీది. వసూలు చేస్తున్నది కూటమి. వాళ్లు మీ పాపం అన్నారు, మీరు వాళ్ల బాదుడు అన్నారు. విద్యుత్తు ఎవరి దగ్గర ఎంతకు కొన్నారు, బయటి మార్కెట్లో అంత ధర పెట్టి ఎందుకు కొనాల్సి వచ్చింది, ఆ భారం ప్రభుత్వం మోయకుండా మా మీదికి ఎందుకు తోసింది? ఈ మూడింటికీ మీ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటేనే జవాబు దొరుకుతుంది. దొరకలేదు. బిల్లు మాత్రం మా ఇళ్లలో ప్రతి నెలా కట్టాం.

అప్పుల సంగతీ ఇంతే. ఎన్నికల ప్రచారంలో రాష్ట్రం అప్పు 14 లక్షల కోట్లని కూటమి నాయకులు చెప్పారు. 2024 జులైలో శ్వేతపత్రం పెట్టేసరికి అది 9.74 లక్షల కోట్లయింది. మీరు అది కూడా ఎక్కువేనన్నారు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు తెలుగుదేశం రాష్ట్రం శ్రీలంక అవుతోందంది, ఆ పైన సూపర్ సిక్స్ అనే ఎన్నికల హామీలతో అంతకు మించిన పంపకం ప్రకటించింది. ఇప్పుడు అప్పులు పెరిగిపోతున్నాయని మీరంటున్నారు. అమరావతి కోసం ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు, హడ్కో దగ్గర తెస్తున్న అప్పు మా పిల్లలు కట్టాల్సిందే. దాని వడ్డీ ఎంత, తీర్చేది ఏ ఆదాయంతో, ఆ రాజధాని వల్ల తిరువూరు లాంటి మెట్ట ప్రాంతానికి వచ్చేదేమిటి అన్న ప్రశ్నలు ప్రెస్‌మీట్‌లో వేస్తే ప్రభుత్వానికి జవాబు చెప్పాల్సిన పని లేదు. సభలో వేస్తే ఉంది.

పథకాలు వద్దని నేననను. తల్లికి వందనం కింద వచ్చిన 13 వేలు మా వీధిలో ఎన్ని ఇళ్లలో బడి ఫీజయ్యాయో చూశాను. అన్నదాత సుఖీభవ మొదటి విడత 7 వేలు విత్తనాలకు అక్కరకొచ్చాయి. పింఛను 4 వేలు కావడం వల్ల ముసలివాళ్లకు మందుల కోసం చెయ్యి చాచే అవసరం తగ్గింది. నిరుద్యోగ భృతి, ఆడబిడ్డ నిధి ఇంకా ఎందుకు రాలేదని అడగడం కూడా మీ బాధ్యతే. కానీ పదేళ్లుగా మీ ఇద్దరి ఆర్థిక విధానం, ఎవరు ఎంత ఎక్కువ వేస్తారన్న పోటీగానే మిగిలింది. క్వింటా పత్తి మీద వెయ్యి రూపాయలు తగ్గితే ఏడాది సాయమంతా ఒక్క పంటలో పోతుంది. ధర, నీళ్లు, ఉపాధి, ఈ మూడింటి మీద మీదంటూ ఒక విధానం ఉందా? ఉంటే అది కూటమి విధానం కంటే ఎక్కడ వేరు? ప్రత్యామ్నాయ బడ్జెట్ అని ఒక్కటైనా తయారుచేసి సభ ముందు పెట్టారా?

పత్తి మాట అన్నాను కాబట్టి ఢిల్లీ సంగతి కూడా చెప్పాలి. 2025 ఆగస్టు 19న కేంద్రం పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం ఎత్తేసింది, తర్వాత ఆ మినహాయింపును డిసెంబరు చివరిదాకా పొడిగించింది. సరిగ్గా మా చేలల్లో పత్తి తీసే కాలం. ఆ ఏడాది మద్దతు ధర పొడుగు పింజకు 8,110 అని కాగితం మీద ఉండింది. విదేశీ పత్తి సుంకం లేకుండా వస్తుంటే బయటి వ్యాపారి ఆ ధర ఎందుకు ఇస్తాడు? మన రాష్ట్రం నుంచి లోక్‌సభలో ఉన్న 25 మందిలో 21 మంది ఎన్డీయే వాళ్లు. మిగిలిన నలుగురూ మీ వాళ్లు. వక్ఫ్ బిల్లు మీద మీరు వ్యతిరేకంగా ఓటేశారు, అది నిజం. కానీ ఆ ఏడాది సెప్టెంబరులోనే ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఎన్డీయే అభ్యర్థికి మద్దతిచ్చారు. కేంద్రం ఆర్థిక నిర్ణయాల మీద గట్టిగా నిలబడే పక్షం ఆంధ్రప్రదేశ్ నుంచి లోక్‌సభలో లేదు. రాష్ట్ర సభలో మీరు లేరు. పత్తి రైతు తన గోడు ఎక్కడ చెప్పుకోవాలి?

తక్కువ మందితో సభలో ఏం చేయొచ్చో చూడటానికి దూరం పోనక్కర్లేదు. తిరువూరు నుంచి నూజివీడు మీదుగా వెళ్తే గన్నవరం వస్తుంది. 1955 ఎన్నికల్లో ఆంధ్ర రాష్ట్రంలో అధికారం తమదేనని నమ్మి బరిలో దిగిన కమ్యూనిస్టులకు 196 స్థానాల్లో దక్కింది 15. ఓట్లు మాత్రం 31 శాతం. మీకిప్పుడు జరిగినట్టే వాళ్లకూ జరిగింది. గన్నవరం నుంచి గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్య గారు ఆ కొద్దిమందితోనే సభలో కూర్చున్నారు. నీటిపారుదల మీద, భూమి మీద ప్రభుత్వ లెక్కలను లెక్కలతోనే ఎదుర్కొన్నారు. 1962లో గన్నవరం మళ్లీ ఆయన్నే పంపింది. ఇటు సత్తెనపల్లి నుంచి వావిలాల గోపాలకృష్ణయ్య గారు నాలుగుసార్లు గెలిచారు. ఆయన ఒక్కరే లేచి మాట్లాడితే మంత్రులు వినేవారు. వాళ్లకు టీవీ ఛానెల్ లేదు, సోషల్ మీడియా సైన్యం లేదు. వాళ్ల మాట ఊరికి చేరింది సభ ద్వారానే.

మీకు సభలో మాట్లాడటం చేతకాదని కాదు. శాసన మండలిలో మీ వాళ్లు కూర్చుంటున్నారు, బొత్స సత్యనారాయణ గారు ప్రతిపక్ష నేతగా మంత్రుల్ని నిలదీస్తున్నారు. మండలిలో మీకు బలముంది కాబట్టి అక్కడికి వెళ్తున్నారు. కానీ పద్దుల మీద ఓటు వేసేది మండలి కాదు, శాసనసభ. వైద్య కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యానికి ఇవ్వొద్దని 2025 అక్టోబరు నుంచి కోటి సంతకాల ఉద్యమం చేశారు. ఆ విషయంలో నేను మీ పక్షమే. జిల్లా ఆసుపత్రి ప్రైవేటు చేతిలోకి వెళ్తే మా లాంటి ఊళ్ల పేదవాడు ఎక్కడికి పోతాడు? కానీ సెప్టెంబరు సమావేశాల్లో మీ 11 మంది శాసనసభలో ఉండి ఉంటే ఆ వాదన ముఖ్యమంత్రి ఎదుటే వినిపించేది. పైగా ఆ ఏడాది మార్చిలో స్పీకర్ అయ్యన్నపాత్రుడు గారు, మీలో కొందరు సభకు రాకుండానే హాజరు పట్టీలో సంతకాలు పెట్టి వెళ్తున్నారని సభలోనే చెప్పారు. అది చదివి మీకు ఓటేసిన మా వీధివాళ్లే తలవంచుకున్నారు.

మా ఎమ్మెల్యే ఇప్పుడు పాలకపక్షం. 2025 అక్టోబరులో మా ఎమ్మెల్యే, మా ఎంపీ ఇద్దరూ ఒకే పార్టీ వాళ్లయి ఉండి వీధికెక్కి ఒకరి మీద ఒకరు ఆరోపణలు చేసుకుంటే రాష్ట్రమంతా చూసింది. ఎవరిది నిజమో నేను తేల్చలేను. ఆ గొడవలో చింతలపూడి నీళ్లు, ఎ.కొండూరు తండాలు ఎక్కడా వినబడలేదన్నది మాత్రం చూశాను. సొంత ప్రభుత్వాన్ని పాలకపక్షం ఎమ్మెల్యే గట్టిగా అడగలేరు. మీ 11 మందిలో కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల వాళ్లు ఒక్కరూ లేరు. అందుకే పులివెందుల, దర్శి, అరకు నుంచి గెలిచినవాళ్లే మా తరఫున కూడా అడగాలి. 39 శాతం ఓట్లు రాష్ట్రమంతా పడ్డాయి. మా తిరువూరులోనూ వేలల్లో పడ్డాయి. ఆ ఓట్ల బరువు పదకొండు మంది మీదే ఉంది.

కాబట్టి సభకు రండి. హోదా కేసు హైకోర్టులో నడవనివ్వండి, మీరు సభలో కూర్చోండి. మైకు కట్ చేస్తే చేశారని జనం చూస్తారు, ఆ పాపం వాళ్లకే చుట్టుకుంటుంది. ధరల నిధి, సర్దుబాటు చార్జీలు, చింతలపూడి, ఎ.కొండూరు నీళ్లు, వీటి మీద ప్రశ్నలు రాసి ఇవ్వండి. రాతపూర్వకంగా జవాబు తెప్పించి మా ముందు పెట్టండి. మీ పాలన మీద ఎదురు ప్రశ్న వస్తే దానికీ జవాబు చెప్పండి.

రాలేమంటే ఆ పదకొండు స్థానాలకు రాజీనామా చేయండి. అక్కడి ఓటర్లు సభకు వెళ్లి మాట్లాడేవాళ్లను ఎన్నుకుంటారు.

ఇట్లు,
తిరువూరు ఓటరు